మందూ పథ్యమూ: మలగాసీ రక్షల కథ



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దలు జనం నమ్మకాలను వెక్కిరించకూడదనీ, అలాగని నెత్తిన పెట్టుకోకూడదనీ శిష్యులకు చెబుతుండేవారు. ఆ మాటకు తగిన విషయం వెతుక్కుంటూ ఈసారి హిందూ మహాసముద్రం అవతలికి వెళ్లాను. మడగాస్కర్ దీవిలో మలగాసీ ప్రజలు మెడలో కట్టుకునే తాయెత్తులు, ఇంట్లో దాచుకునే రక్షలు, వాటి చుట్టూ నడిచిన రాజ్యాలు, తిరుగుబాట్లు, వైద్యం గురించి ఈ పూట మాట్లాడతాను.

ఆ దీవి మనకు బొత్తిగా పరాయిదేమీ కాదు. మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరుకు పుట్టిల్లు మడగాస్కరే. అక్కడి భాష ఆగ్నేయాసియా నుంచి సముద్రం మీద వచ్చినవారి భాష. బోర్నియోలోని మాన్యన్ భాషతో దానికున్న చుట్టరికాన్ని నార్వే పండితుడు ఒట్టో క్రిస్టియన్ దాల్ 1951లో విపులంగా చూపాడు. ఆ వలసదారులు తమతో కొన్ని సంస్కృత పదాలనూ మోసుకెళ్లారు. దీవిలో కొన్నిచోట్ల పాత నెలల పేర్లలో మన పుష్యం ‘ఫోస’గా, మాఘం ‘మాక’గా వినిపిస్తాయి. ఆఫ్రికా తూర్పు తీరం వారు, అరబ్బు లిపి తెలిసిన ముస్లిం వలసదారులు కూడా ఆ దీవిలో కలిశారు. మలగాసీ రక్షను విప్పి చూస్తే ఈ దారులన్నీ అందులో కనిపిస్తాయి.

నేను చెప్పదలచింది ఒకటే. మలగాసీల లెక్కలో రక్షకు బలం దాన్ని కట్టుకున్నవారు ఒప్పుకున్న నియమం నుంచి వస్తుంది. ఆ నియమం ఎవరు పెట్టారు, ఎవరి మేలుకు పెట్టారు అన్నదాన్ని బట్టి ఒకే రకం వస్తువు ఒకచోట ఊరిని కట్టి ఉంచింది, ఒకచోట సింహాసనాన్ని నిలబెట్టింది, మరోచోట మనుషుల్ని తుపాకుల ముందుకు నడిపించింది.

ఓడీ అంటే ఏమిటి

మలగాసీలు రక్షను ఓడీ అంటారు. సాధారణంగా అది కొన్ని చెట్ల కొయ్యముక్కల కూర్పు. వాటికి పూసలు, వెండి, మట్టి, తేనె, ఆముదం వంటివి తోడవుతాయి. ఎద్దుకొమ్ములో నింపి పైన పూసలతో అల్లిక చేస్తే దాన్ని మొహార అంటారు. చిన్నవైతే గుడ్డలో చుట్టి దారానికి కట్టుకుంటారు. దీవి పడమట, దక్షిణాన యోధులు నుదుటి మీద ధరించిన తెల్లని శంఖపు బిళ్ల కూడా ఈ కోవలోదే. ఆ బిళ్లను ఫెలన అంటారు.

కొయ్యల ఎంపికలో పేరుకు పెద్ద పాత్ర ఉంది. ఏ చెట్టు పేరు ఏ పనిని గుర్తుకు తెస్తుందో ఆ చెట్టుముక్క ఆ పనికి చేరుతుంది. పూసల సంగతీ అంతే. ‘త్సిలెయొందోజ’ అనే పూస ఉంది. కీడుకు లొంగనిది అని దాని అర్థం. ఆ పూస ఉన్న దండ మెడలో వేసుకున్నవాడు ఒక కోరికను పైకి అనకుండానే ఒంటిమీద మోస్తున్నాడన్నమాట. కూర్పు పూర్తయ్యాక తయారుచేసినవాడు ఓడీని ఎదుట పెట్టుకుని, వినే మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఎవరిని కాపాడాలో, దేని నుంచి కాపాడాలో చెబుతాడు. అప్పుడే దానికి ‘హసిన’ కలుగుతుంది. హసిన అంటే పవిత్రతా, పనిచేసే శక్తీ కలిసిన భావం. రాజులోనూ, పూర్వీకులలోనూ, నేలలోనూ ఉండేది అదే.

దీన్ని తయారుచేసే మనిషి ఒంబియాసీ. వైద్యుడు, జోస్యుడు, మంత్రగాడు ముగ్గురూ అతనిలో ఉంటారు. ఫ్రెంచి అధికారి ఎతియెన్ ద ఫ్లకూర్ 1648 నుంచి 1655 వరకు దీవి ఆగ్నేయ కొసన ఫోర్ దోఫాన్ కోటలో ఉన్నాడు. 1658లో అచ్చయిన అతని గ్రంథంలోనే ఈ ఒంబియాసీలూ, వారి రక్షలూ కనిపిస్తాయి. ఆగ్నేయ తీరంలోని అంతైమోరో జనంలో అరబ్బు లిపిలో మలగాసీ భాషను రాసే పండితులు ఉండేవారు. ఆ రాతప్రతులను సొరాబే అంటారు. చెట్టుబెరడుతో చేసిన కాగితం మీద రాసిన ఆ అక్షరాలే రక్షలుగానూ పనికొచ్చాయి. ఈ పండితుల పేరు దీవి నడిమి కొండల దాకా పాకి, రాజులు వారిని ఆస్థానాలకు పిలిపించుకున్నారు.

ఇక అసలు సంగతి. ప్రతి ఓడీకీ కొన్ని నిషేధాలు ఉంటాయి. వాటిని ఫాడీ అంటారు. పంది మాంసం ముట్టకూడదు, ఉల్లి తినకూడదు, ఫలానా రోజు ఫలానా పని చేయకూడదు: ఇలా ఉంటాయి. మందుకు పథ్యం ఎలాగో ఓడీకి ఫాడీ అలాగ. పథ్యం తప్పితే మందు పనిచేయలేదని వైద్యుణ్ణి అడిగే హక్కు రోగికి ఉండదు. ఈ ఏర్పాటులో ఒంబియాసీకి తప్పించుకునే దారి ఉందని హేతువాది అంటే కాదనలేం. అయితే ఇంకో వైపు కూడా ఉంది. ఫాడీ పాటించే మనిషి పొద్దున్న లేచింది మొదలు తను దేనికి భయపడుతున్నాడో, ఎవరిని కాపాడుకోవాలనుకుంటున్నాడో గుర్తుపెట్టుకుంటాడు. రక్ష అతని నడవడికను మార్చేది అక్కడే.

గింజల లెక్క, పుట్టిన ఘడియ

ఏ రక్ష ఎవరికి కావాలో తేల్చడానికి రెండు శాస్త్రాలున్నాయి. ఒకటి వింతన, అంటే పుట్టిన ఘడియ తెచ్చే రాత. నడిమి కొండల్లోని మెరిన ప్రజల నెలల పేర్లు అలహమాడీ, అదఔరో, అలకౌసీ వంటివి. ఇవి అరబ్బీ రాశుల పేర్లే, మలగాసీ నోట మారాయి. అలకౌసీలో పుట్టిన బిడ్డ రాత మరీ కఠినమని, అయినవాళ్లకే అది చెరుపని నమ్మేవారు. అలాంటి బిడ్డను పశువుల దొడ్డి వాకిట పడుకోబెట్టి, మంద తొక్కకుండా దాటిపోతేనే పెంచుకున్న రోజులున్నాయి.

రెండోది సికిడీ. ఫానో చెట్టు గింజలను గుప్పెడు తీసి, రెండేసి చొప్పున పక్కకు తోస్తారు. చివరికి ఒకటో రెండో మిగులుతాయి. అలా పదహారుసార్లు తీసి నాలుగు వరసలు, నాలుగు నిలువులుగా పేరుస్తారు. వాటి నుంచి సరి, బేసి లెక్కతో మరో ఎనిమిది నిలువులు పుట్టిస్తారు. రెండు గుర్తులు ఒకటే అయితే రెండు గింజలు, వేరైతే ఒక గింజ. లెక్క తప్పిందో లేదో చూసుకునే పరీక్షలు కూడా ఇందులోనే ఉన్నాయి. అరబ్బుల ఇసుక శాస్త్రానికి ఇది వారసురాలు. గణిత చరిత్రకారిణి మార్షియా ఆషర్ 1997లో దీన్ని గణితంగానే తీసుకుని విశ్లేషించింది. నేటి కంప్యూటరు లోపల జరిగే ఒక మౌలిక ప్రక్రియకూ ఈ గింజల కూడికకూ సూత్రం ఒకటే. లెక్క పక్కాగా ఉన్నంత మాత్రాన జోస్యం నిజమైపోదు. కానీ ఆ జోస్యం చెప్పినవాడు మొద్దు అనుకోవడం మాత్రం మన మొద్దుతనమే అవుతుంది.

ఈ రాతల బరువు ఎంతటిదో చెప్పడానికి ఒక మనిషి చాలు. 1828లో పుట్టిన రైనిలయారివోనీకి చెడ్డ ఘడియ అని జోస్యుడు తేల్చాడు. కీడు తప్పించడానికి పసికందు చేతి రెండు వేళ్ల కొనలు కోశారు. ఆ బిడ్డే పెద్దవాడై మడగాస్కర్ ప్రధానమంత్రి అయ్యాడు, వరసగా ముగ్గురు రాణులకు భర్త అయ్యాడు. రాజ్యరక్షలను నిప్పులో వేయించిన ప్రభుత్వాన్ని నడిపిందీ అతనే.

ఊరి రక్ష

నడిమి కొండల్లోని ఇమెరిన సీమకు వరే ప్రాణం. వానాకాలంలో వడగళ్లు పడితే పంట నిమిషాల్లో నేలపాలవుతుంది. అందుకే అక్కడ వడగళ్ల రక్ష ఉంది, దాని పేరు ఓడీ హవంద్ర. ఇది ఒక మనిషికి చెందినది కాదు. దీన్ని చూసుకునే వ్యక్తి ఊరి పొలాలన్నింటి కోసం ఉంటాడు. పంట కాలంలో ఊరంతా కొన్ని ఫాడీలు పాటిస్తుంది. పంట ఇంటికొచ్చాక ప్రతి ఇంటి నుంచీ రక్షకుడికి కొంత ధాన్యం అందుతుంది. పొలాల మీద వడగళ్లు పడితే అతను జవాబు చెప్పుకోవాలి, ఫాడీ ఎవరు తప్పారో ఊరు వెతుక్కోవాలి.

అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు డేవిడ్ గ్రేబర్ 1989 నుంచి 1991 వరకు రాజధానికి పడమట అరివోనిమామో ప్రాంతంలో ఉండి ఇటువంటి ఏర్పాట్లను దగ్గరగా చూశాడు. నలుగురూ ఒప్పుకుని ఒక వస్తువుకు కట్టుబడటమే అక్కడ అధికారం పుట్టే తీరు అని అతను గుర్తించాడు. అతను చెప్పిన రెండో సంగతి ఇంకా విలువైనది. కాపాడే ఓడీని జనం మెచ్చుకుంటారు. ఎదుటి మనిషి ఇష్టాన్ని లాక్కుని, చెప్పినట్టు ఆడించే ఓడీని చేతబడిగా చూస్తారు, దాన్ని మోసవీ అంటారు. వశీకరణ మందులు ఈ రెండో కోవలోకి వస్తాయి. 19వ శతాబ్దపు రాతల్లో ఆ మందులు వాడినవారు ఎక్కువగా మగవారే. గ్రేబర్ కాలానికి ఆ నింద ఆడవారి మీదికి మళ్లింది. వెట్టిచాకిరీ, వలస పాలన చవిచూసిన సమాజం ఒకరినొకరు ఆడించడం అనే భయాన్ని ఈ మందుల మాటల్లో చెప్పుకుందని అతని వాదన.

రాజ్యరక్ష

ఊరంతటికీ, వంశమంతటికీ చెందిన పెద్ద రక్షలను సాంపీ అంటారు. ఇమెరిన రాజ్యంలో వీటికి పేర్లున్నాయి, చరిత్రలున్నాయి, సేవకులున్నారు. అన్నింటిలోకీ పేరుమోసింది కెలిమలాజ. రలాంబో రాజు కాలంలో కలోబే అనే స్త్రీ దాన్ని దక్షిణం నుంచి మోసుకొచ్చి రాజుకు అప్పగించిందని మౌఖిక చరిత్ర చెబుతుంది. అంబోహిమనంబోల గ్రామం దాని నెలవు. పాముల మీద అధికారం ఉన్నదని చెప్పే రమహవాలీ, యుద్ధంలో గాయాల నుంచి కాచే రఫాంతక, సింహాసనానికి రెండో హక్కుదారు లేకుండా చూసే మంజకత్సిరోవ ఉన్నాయి. ఆ మౌఖిక చరిత్రలను జెసూట్ మతగురువు ఫ్రాన్స్వా కలే సేకరించి 1870లలో మలగాసీ భాషలోనే అచ్చువేయడం మొదలుపెట్టాడు.

18వ శతాబ్దం చివర గద్దెనెక్కి ఇమెరిన సీమను ఒక్కటి చేసిన ఆంద్రియానంపోయినిమెరిన ఈ సాంపీలను రాజకీయంగా వాడుకున్నాడు. ఊళ్లకూ వంశాలకూ చెందిన రక్షల్లో పేరున్నవాటిని రాజాస్థానం నీడకు తెచ్చాడు. వాటి సేవకులకు గౌరవాలూ హక్కులూ దక్కాయి. సైన్యం కదిలితే సాంపీ ముందు నడిచేది. అంతకుముందు ఊరు తనకు తాను పెట్టుకున్న పథ్యం ఇప్పుడు రాజాజ్ఞ అయింది. మిషనరీ విలియం ఎల్లిస్ 1838లో వెలువరించిన మడగాస్కర్ చరిత్రలో కెలిమలాజ దరిదాపులకు రాకూడనివాటి జాబితా ఉంది: తుపాకి, పంది, ఉల్లి, గుర్రం, పిల్లి, మేక, నల్లని వస్తువులు, ఇంకా చాలా. అంత పెద్ద జాబితాను నిత్యం గుర్తుపెట్టుకునే ప్రజలకు రాజు కూడా నిత్యం గుర్తుంటాడు.

దీని చీకటి వైపును దాటవేయకూడదు. 1828 నుంచి 1861 వరకు ఏలిన మొదటి రనవలోన 1835లో క్రైస్తవాన్ని నిషేధించింది. పూర్వీకులనూ సాంపీలనూ కాదన్నవారు రాజ్యాన్నే కాదన్నట్టు లెక్క. 1837లో రసలామ అనే యువతిని అందుకే చంపారు. చేతబడి చేశారనో, ద్రోహం తలపెట్టారనో అనుమానం వస్తే తంగేన అనే విషపు గింజతో పరీక్ష పెట్టేవారు. ఆ గింజను కోడిచర్మం ముక్కలు మూడింటితో మింగించి, మూడూ కక్కితేనే నిర్దోషి అనేవారు. కక్కలేక చచ్చినవారు ఎందరో. ఆ పరీక్షను 1863లో రాజు రెండో రాదామ రద్దు చేశాడు. రక్షల ప్రపంచంలో కాపాడే చేయి, నేరం మోపే వేలు ఒకే ఒంటివి అని ఇక్కడ తెలుస్తుంది.

1869: నిప్పు

1868 సెప్టెంబరులో రాణి రెండో రనవలోన పట్టాభిషేకం జరిగినప్పుడు సాంపీల చోట బైబిలు ఉంది. 1869 ఫిబ్రవరిలో ఆమె, ప్రధాని రైనిలయారివోనీ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సెప్టెంబరులో కెలిమలాజ సేవకులు తమ పాత హక్కుల కోసం పట్టుబట్టారు. ప్రభుత్వం మనుషుల్ని అంబోహిమనంబోలకు పంపి ఆ సాంపీని కాల్పించింది. ఎర్రపట్టులో చుట్టిన వేలెడు కొయ్యముక్క మాత్రమే కనిపించిందని మిషనరీలు రాశారు. మిగతా రాజసాంపీలనూ వెతికి కాల్చారు. ఊళ్లలో జనం తమ రక్షలను పోగులు పోసి తగలబెట్టారు, ఆ వెంటనే బోధకుల్ని పంపమని అడిగారు.

దీన్ని వెలుగు చీకటిని గెలిచిన రోజుగా మిషనరీలు రాసుకున్నారు. నాకు మాత్రం ఇందులో మార్పు కన్నా కొనసాగింపే ఎక్కువ కనిపిస్తుంది. రాణి పాత రాజ్యరక్షను తీసి కొత్తది పెట్టింది. నిన్నటి దాకా సాంపీ పేరున ఫాడీలు పెట్టిన రాజ్యమే ఇప్పుడు బైబిలు పేరున ఆదివారం పని మానిపించింది. వస్తువు మారింది, కట్టుబాటు చెప్పే చేయి మారలేదు.

పరాయి పాలన వచ్చాక ఇది ఇంకా తేటపడింది. 1895 సెప్టెంబరు 30న ఫ్రెంచి సేన రాజధాని అంతనానరివోను పట్టుకుంది. కొద్ది వారాలకే ఎర్రమట్టి రంగు వస్త్రాలు కప్పుకున్న మెనలాంబ తిరుగుబాటుదారులు లేచారు. వారు చర్చిలను తగలబెట్టారు, కాలిపోయాయనుకున్న సాంపీలను మళ్లీ నిలబెట్టారు. రాజులు పూర్వీకుల కట్టుబాటు తప్పినందుకే దేశం పోయిందన్నది వారి లెక్క. చరిత్రకారుడు స్టీఫెన్ ఎల్లిస్ 1985లో రాసిన పుస్తకం ఈ తిరుగుబాటును వివరంగా చెబుతుంది.

1947 మార్చి 29 రాత్రి ఫ్రెంచి పాలన మీద మరో పెద్ద తిరుగుబాటు మొదలైంది. తూర్పు అడవుల్లోని యోధుల చేతుల్లో ఎక్కువగా ఈటెలు, కత్తులే. ఒంబియాసీలు ఇచ్చిన తూటాల రక్షలు ఒంటిమీద ఉన్నాయి. ‘రానో, రానో’ అని కేకలు వేస్తూ వారు తుపాకులకు ఎదురు నడిచారు. రానో అంటే నీళ్లు. తూటాలు నీళ్లవుతాయని నమ్మకం. తూటాలు నీళ్లు కాలేదు. వేలమంది చనిపోయారు. ఈ మాట సభలో సూటిగా చెప్పకుండా రక్షల అందాన్ని పొగడటం నాకు సమ్మతం కాదు. అదే సమయంలో ఆ యువకుల్ని మూఢులని కొట్టిపారేయడమూ అన్యాయం. భూమి పోయి, వెట్టికి తోలబడి, చేతిలో తుపాకి లేని మనుషుల్ని ఒక్క వరసలో నిలబెట్టగల కట్టుబాటు వారి దగ్గర అదొక్కటే ఉంది. మార్చి 29ని మడగాస్కర్ ఇప్పటికీ అమరుల దినంగా పాటిస్తుంది.

నేటి సంగతి

ఇప్పుడు మడగాస్కర్ జనాభాలో క్రైస్తవులు చాలామంది. అయినా బజార్లలో వేర్లు, బెరడులు, కొయ్యముక్కలు, పూసలు అమ్మే దుకాణాలు ఉన్నాయి. దక్షిణాన పశువుల మందలు తోలుకుపోయే దహాలో దొంగలు తూటాల రక్షలు కట్టుకుంటారు, వారిని తరిమే ఊరివాళ్లూ కట్టుకుంటారు.

ఈ మూలికల జ్ఞానం ఇంకో దారిలో ప్రయోగశాలకూ చేరింది. మలగాసీలో మందును ఫనఫోడీ అంటారు, ఓడీ దాని లోపలే ఉంది. ఆల్బెర్ రకోతో రత్సిమమంగ అనే మలగాసీ శాస్త్రవేత్త 1957లో దేశీయ మూలికల మీద పరిశోధన సంస్థను స్థాపించాడు. మనం మండూకపర్ణి అనే ఆకు నుంచి గాయాలు మాన్పే మదెకసోల్ మందు రావడంలో అతని పాత్ర ఉంది. బిళ్ళగన్నేరు నుంచి విదేశీ శాస్త్రవేత్తలు తీసిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తక్యాన్సరుకు వాడుతున్నారు. 2020 ఏప్రిల్‌లో అప్పటి అధ్యక్షుడు ఆంద్రీ రజోలిన అదే సంస్థ తయారుచేసిన మూలికా కషాయాన్ని కోవిడ్ మందుగా ప్రకటించాడు. పరీక్షల్లో నిగ్గు తేలకముందే పిల్లల చేత తాగించారు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లేదు. ఒకే నేల మూలికల్లో ఒకటి ప్రాణం పోసింది, ఇంకొకటి రాజ్యరక్ష పాత్ర పోషించింది. తేడా తెచ్చింది పరీక్షే. మూలికకు పరీక్ష ఉంది. కట్టుబాటుకూ ఒక పరీక్ష ఉండాలి: అది ఎవరిని కాపాడుతోంది, ఎవరిని బలిపెడుతోంది?

విద్యార్థులకు ఒక మాట

నార్వే మిషనరీ లార్స్ విగ్ 19వ శతాబ్దం చివరి పాదంలో మడగాస్కర్‌లోని మసినంద్రైన ఊళ్లో ఉన్నాడు. మతం మారినవారు తమ ఓడీలను అతనికి ఇచ్చేసేవారు. అతను వాటిని తగలబెట్టి ఊరుకోలేదు. ఒక్కొక్కదాన్ని విప్పి, ఏ కొయ్య ఎందుకు చేరిందో, ఏ మాటలు పలికారో, ఏ ఫాడీలు పాటించారో యజమానులనే అడిగి రాసుకున్నాడు. ఆ రాతలు 1969లో ఓస్లోలో పుస్తకంగా వచ్చాయి. తను ఒప్పుకోని నమ్మకాన్ని అంత శ్రద్ధగా నమోదు చేసినందుకే ఈనాడు మనం వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. మరోవైపు, పూసలు అల్లిన కొమ్ములు యూరపు మ్యూజియంలలో, వేలంపాటల్లో ఎన్నో ఉన్నాయి. కట్టుకున్నవారి మాట వెంట రాలేదు కాబట్టి వాటిలో చాలావరకు చూడముచ్చటైన బొమ్మలుగానే మిగిలాయి.

మన జిల్లాల్లో తాయెత్తులు, రక్షరేకులు, దర్గా దారాలు సేకరించే పరిశోధకులకు నా విన్నపం ఇదే. వస్తువును ఫోటో తీసి పెట్టెలో పెట్టి ఊరుకోకండి. ఎవరు కట్టారు, ఏ భయానికి కట్టారు, ఏ పథ్యం చెప్పారు, డబ్బు ఎంత తీసుకున్నారు, ఆ మనిషికి చివరికి ఏమైంది అన్నది కట్టుకున్నవారి మాటల్లోనే రాసుకోండి. పాముకాటుకు, పసిపిల్లల జ్వరానికి తాయెత్తు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేస్తున్నారని తెలిస్తే ముందు నోటుబుక్కు మూసి బండి పిలవండి. తరవాత తిరిగొచ్చి మిగతాది అడగండి.